మాత్రలు మాత్రం మానకు, అమ్మడూ

అమ్మడూ,

మైండ్‌ఫుల్‌నెస్, అదే ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని మనసు పెట్టి గమనించే సాధన, తరగతుల్లో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మూడుసార్లు డిప్రెషన్‌లో పడి లేచినదానివి, ఒంట్లో బాగున్నప్పుడే దీనికి పూనుకున్నావంటే గర్వంగా ఉంది. ఆ వెంటనే "ఇక మాత్రలు మానేస్తుందట" అంది. ఏటి తల్లీ అంత తొందర?

ఈ పద్ధతి మాత్రలకు దీటైనదని చదివుంటావు. అబద్ధం కాదు, సగమే చదివావు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో 424 మందిని రెండేళ్లపాటు గమనించారు. మాత్రలు కొనసాగించినవాళ్లలో 47 శాతానికి, తరగతులకు వెళ్లినవాళ్లలో 44 శాతానికి జబ్బు తిరగబెట్టింది. పెద్ద తేడా లేదు. కానీ ఈ రెండోవాళ్లలో చాలామంది మాత్రలు డాక్టరుతో మాట్లాడుకుని, కొద్దికొద్దిగా తగ్గించుకున్నారు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే కొద్దిరోజుల్లోనే తలతిరుగుడు, వికారం, నిద్రలేమి, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు రావచ్చు. అదే జబ్బనుకుని బెంబేలెత్తిపోతారు. అసలు జబ్బు తిరగబెట్టడం చాలాసార్లు వారాలో నెలలో గడిచాక, చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది. "మానేసి నెలైంది, బాగానే ఉన్నాను" అనే ధీమాను అందుకే నమ్మకు. ముందు తరగతులు ఎనిమిది వారాలూ పూర్తిచెయ్, తర్వాత డాక్టరుతో మాట్లాడు.

తరగతి వారానికి రెండు గంటలు. ఇంట్లో సాధన రోజూ ముప్పావుగంట, వారంలో ఆరు రోజులు. మొదటి వారం ఎండుద్రాక్ష ఇస్తారు, నెమ్మదిగా గమనిస్తూ తినమని. ఇంట్లో పలాస జీడిపప్పుతో చేసుకో. అరచేతిలో పెట్టుకుని ఆ వంపు, రెండు బద్దల మధ్య గీత చూడు. వేలితో తడుము, వాసన చూడు, కొరికినప్పుడు పాలు ఊరేదాకా నెమ్మదిగా నములు. నవ్వొస్తుంది, రానీ.

మూడు నిమిషాల అభ్యాసం నీకు అన్నిటికన్నా పనికొస్తుంది. మొదట మనసులో, ఒంట్లో ఏముందో చూడు. తర్వాత గమనమంతా పొట్ట దగ్గర ఊపిరి మీద పెట్టు. చివర దాన్ని ఒళ్లంతా పరుచు. ఆలోచనల్ని తరిమేయడానికి మాత్రం వాడకు, తరిమేకొద్దీ రెట్టింపవుతాయి. స్నేహితురాలు ఫోన్ ఎత్తలేదనుకో, "నేనంటే విసుగు" అని మనసంటుంది. "విసుగు అన్న ఆలోచన వచ్చింది" అనుకో, చాలు. పని చేసుకుంటూందేమో, ఛార్జింగ్ లేదేమో. సిరిమానోత్సవానికి వచ్చినప్పుడు ఇల్లంతా చుట్టాలే అని వంక చెప్పకు, మేడ మీదికి పోయి ఆ మూడు నిమిషాలూ చెయ్.

బాగున్న ఈ రోజుల్లోనే ఒక కాగితం రాసి పెట్టు. తెల్లవారుజామున మెలకువ వచ్చేయడం, జడ వేసుకోవడానికి బద్ధకం, ఫోన్ మోగితే చిరాకు, ఇలా నీకు ముందుగా కనిపించే గుర్తులు ఓ పక్క. ఎవరికి చెప్పాలి, ఏ పని వదలకూడదు, డాక్టరు నంబరు ఇంకో పక్క. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ధ్యానం గీనం వద్దు, వెంటనే నాకో, అమ్మకో, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కో ఫోన్ చెయ్. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులుండవు.

కాగితం ఒకటి అమ్మకివ్వు. ఆదివారంలోగా ఫొటో తీసి నాకూ పంపు.

మీ పెద్దమ్మ,
శ్రీకాకుళం