ఆఖెన్‌లో చదువు, జర్మన్ తరగతులు, శనివారాలు

సందేహం: అక్టోబరులో జర్మనీలోని ఆఖెన్‌లో ఎమ్మెస్‌లో చేరుతున్నాను. చదువంతా ఇంగ్లీషులోనే. ఏ2 స్థాయి దాకా జర్మన్ నేర్చుకున్నాను, అక్కడ దాని పై స్థాయి బీ1 తరగతులకు వెళ్లాలని ఉంది. ఇక ఊరు చూడటానికి తీరిక దొరుకుతుందా?

జవాబు: ఊరు చూడటం ఒక పని, భాష మరో పని అనుకుంటే రెండూ సాగవు. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే. శనివారం వస్తే నలుగురం తెలుగువాళ్లం కలిసి బయల్దేరేవాళ్లం. రోజంతా తిరిగినా నోటి వెంట వచ్చిన జర్మన్ మాట ‘డాంకె’ (ధన్యవాదాలు) ఒక్కటే. నెలకు రెండు శనివారాలైనా ఒంటరిగా తిరగండి.

మొదట ఎలీజెన్‌బ్రున్నెన్‌కు వెళ్లండి. తెల్లటి స్తంభాల మండపం, లోపల ఎడతెగకుండా పడే వేడి నీటి ధారలు. నీరు సుమారు 52 డిగ్రీల వేడితో భూమిలోంచి వస్తుంది. దగ్గరికి వెళ్లకముందే కుళ్లిన గుడ్డు వాసన, అదంతా గంధకం. రోమన్లు ఇక్కడ స్నానశాలలు కట్టింది, షార్లెమేన్ చక్రవర్తి ఈ ఊరిని ఇష్టపడింది ఈ నీళ్లను చూసే. ఒకప్పుడు వైద్యమని తాగేవారు, ఇప్పుడు తాగకూడదు. అక్కడ రాసి ఉండే ‘కైన్ ట్రింక్‌వాసర్’ అంటే ‘తాగే నీరు కాదు’. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని ‘కైన్’ నాకు ఆ వాసనతో పాటు ఎక్కింది.

తర్వాత డోమ్, అంటే పెద్ద చర్చి. 1978లో యునెస్కో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన 12 ప్రదేశాల్లో ఇదొకటి. 936 నుంచి 1531 వరకు జర్మన్ రాజుల పట్టాభిషేకాలు చాలావరకు ఇక్కడే జరిగాయి. మేడ మీది రాతి సింహాసనం చూడాలంటే గైడుతోనే వెళ్లాలి. ఇంగ్లీషు టూరు కాకుండా జర్మన్ టూరుకే టికెట్టు కొనండి. ముందురోజు ఇంట్లో కథ చదువుకుని వెళ్లండి: చర్చి కట్టడానికి డబ్బు చాలక ఊరివాళ్లు సైతానుతో బేరమాడారు, లోపలికి మొదట అడుగుపెట్టే ప్రాణం వాడిదని. తీరా మనిషికి బదులు తోడేలును తోలారు. వాడు కోపంతో తలుపు విసిరికొడితే బొటనవేలు అందులో ఇరుక్కుపోయింది. కంచు తలుపు మీద సింహం నోట్లో వేలు పెడితే ఆ ‘బొటనవేలు’ నేటికీ తగులుతుంది. కథ తెలిసి ఉంటే ‘టోయ్‌ఫెల్’ (సైతాను), ‘వోల్ఫ్’ (తోడేలు), ‘డౌమెన్’ (బొటనవేలు) చెవిన పడగానే అల్లుకుపోతారు.

వచ్చేటప్పుడు ప్రింటెన్ కొనండి, మసాలా బిస్కట్ల వంటివి. గట్టివి, మెత్తవి రెండూ ఉంటాయి. ‘హార్ట్ ఓడర్ వైఖ్?’ అని అడుగుతారు. గట్టివి తీసుకుని టీలో ముంచుకుంటే మన రస్కు తిన్నట్టే. మన యాస వినగానే దుకాణంవాళ్లు ఇంగ్లీషులోకి దిగిపోతారు. ‘ఇఖ్ లెర్నె డోయ్చ్’ (నేను జర్మన్ నేర్చుకుంటున్నాను) అని నవ్వుతూ చెప్పండి, చాలామంది ఓపిగ్గా మళ్లీ జర్మన్‌లోకి వస్తారు.

వేడినీటి స్నానశాలలకూ వెళ్లవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే నేర్చుకోండి: ‘టెక్స్‌టిల్‌ఫ్రై’. తువ్వాలు ఉచితమని అర్థం చెప్పుకుని నేను అక్కడి ఆవిరి గది (సానా) తలుపు తోసుకుని వెళ్లాను. లోపల ఆడామగా కలిసి కూర్చున్నారు, ఒంటి మీద నూలుపోగు లేదు. ఆ మాటకు అసలు అర్థం ‘బట్టలు లేకుండా’ అని. ఈతకొలనులో మాత్రం ఈతదుస్తులు వేసుకోవాలి.