రాత్రిపూట చిన్న విమానంలో వస్తానంటున్నాడు, తమ్ముణ్ణి ఆపాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మా తమ్ముడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, పోయినేడాది ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. వచ్చే నెల హ్యూస్టన్‌లో మా బాబాయి వాళ్ళ గృహప్రవేశం, శుక్రవారం ఆఫీసయ్యాక చిన్న విమానం అద్దెకి తీసుకుని భార్యనీ పాపనీ ఎక్కించుకుని రాత్రికే వచ్చేస్తానంటున్నాడు. వానో మంచో పడితే ఎలారా అంటే "లైసెన్స్ ఊరికే ఇవ్వరక్కా" అంటాడు. నాది అనవసరపు భయమేనా?
- ఒక అక్క, తెనాలి

జవాబు: కాదమ్మా, భయపడాల్సిందే. అలాగని మీ తమ్ముడూ అబద్ధం చెప్పట్లేదు, అమెరికాలో ఆ లైసెన్స్‌తో రాత్రి ఎగరొచ్చు, గత 90 రోజుల్లో మూడుసార్లు రాత్రి టేకాఫ్, ల్యాండింగ్ చేసుంటే మనుషుల్నీ ఎక్కించుకోవచ్చు. కానీ ఆ లైసెన్స్ బయటికి చూస్తూ నడపడానికే, మబ్బులోకి వెళ్ళడానికి లోపలి మీటర్లు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అని వేరే ఉంటుంది, అది ఉందా లేదా ముందు అడగండి.

చీకట్లో మబ్బు కనపడదు, లోపలికి వెళ్ళాకే తెలుస్తుంది. చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగి ఠక్కున ఆగితే ఇల్లంతా తిరుగుతున్నట్టుండేది కదా, చెవి లోపలి ద్రవం ఇంకా కదులుతుంటుంది కాబట్టి. విమానంలో దీనికి రివర్సు, మెల్లగా ఒక పక్కకి ఒరిగి తిరుగుతూ ఉంటే కాసేపటికి ఆ ద్రవం సర్దుకుని తిన్నగానే పోతున్నట్టు అనిపిస్తుంది, ఎత్తు తగ్గిపోతోందని కంగారుపడి కంట్రోల్‌ని వెనక్కి లాగితే ఆ సుడి ఇంకా బిగుసుకుంటుంది. 1954లో ఇల్లినాయి యూనివర్సిటీ వాళ్ళు మీటర్లు చూసి నడిపే అలవాటు లేని 20 మందికి బయట కనపడకుండా చేసి చూస్తే అందరూ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు.

1999 జులై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్ కెనడీ జూనియర్‌కి జరిగింది ఇదే. సుమారు 310 గంటల అనుభవం, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఇంకా పూర్తి కాలేదు, తోడొస్తానన్న ఇన్‌స్ట్రక్టర్‌ని వద్దన్నాడు, భార్యనీ ఆమె అక్కనీ ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి బయల్దేరాడు. ఆ రాత్రి తుఫానేం లేదు, రూల్ ప్రకారం ఎగరొచ్చు కూడా, సముద్రం మీద మసక మంచు, చీకటి, అంతే. మార్తాస్ వినియార్డ్ దీవి దగ్గర ముగ్గురూ పోయారు. వెళ్తున్నది చుట్టాల పెళ్ళికే, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మన పావురాలగుట్ట గుర్తుందిగా, వైఎస్ పోయిన ప్రమాదం, 2009 సెప్టెంబర్ 2, అది హెలికాప్టర్, పట్టపగలు, ఇద్దరు పైలట్లు, అయినా ఆ వాతావరణంలో ఎవరూ మిగల్లేదు. ఇక ఒకే ఇంజిన్ ఉన్న విమానం రాత్రి ఆగిపోతే కింద పొలమేదో చెరువేదో కూడా తెలీదు.

పక్కనున్న గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం నుంచి తేమ కొట్టి రాత్రికి మంచు పట్టడం హ్యూస్టన్‌లో మామూలే. వెదర్ రిపోర్టులో టెంపరేచర్, డ్యూ పాయింట్ అని రెండు అంకెలుంటాయి, అవి దగ్గరపడుతుంటే మంచు వచ్చే సూచన, మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది, తెలిసీ ఆగుతాడా అనేదే నా బెంగ. కార్లో అయితే నాలుగు గంటలు, లేదంటే శనివారం తెల్లారాక వాతావరణం బావుంటే ఎగరమనండి. బాబాయి వాళ్ళకీ ఇప్పుడే చెప్పి పెట్టండి, శుక్రవారం సాయంత్రం "ఎక్కడిదాకా వచ్చావ్, నీకోసమే చూస్తున్నాం" అని ఒక్కరు కూడా ఫోన్ చెయ్యొద్దని.