పాలపిట్ట అని వెతికితే ఆఫ్రికా పిట్ట వస్తోంది!

సందేహం: దసరాకు పాలపిట్ట బొమ్మతో కార్డు చేసి బంధువుల గ్రూపులో పెట్టాను. అది పాలపిట్ట కాదని మా బాబాయి అంటున్నారు. ఇంటర్నెట్‌లో మాత్రం పాలపిట్ట అనే ఉంది. ఎవరి మాట నమ్మాలి? (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

మీ బాబాయిగారి మాటే నమ్మండి. ఏటా దసరా ముందు ఇదే సందేహం ఇంత మందికి వస్తోంది కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను. మీరు పంపిన బొమ్మలో తోకకు రెండు పక్కలా పొడవాటి సన్నని ఈకలు బయటికి వచ్చి ఉన్నాయి. రొమ్ము నిండా ఊదా రంగు. అది లైలాక్ బ్రెస్టెడ్ రోలర్. కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికా గడ్డి మైదానాల్లో ఉంటుంది, మన దేశంలో ఉండదు. మన పాలపిట్ట తోక పొట్టిగా, చివర దాదాపు సమంగా ఉంటుంది. రొమ్ము గోధుమ రంగు, గొంతు నుంచి కిందికి సన్నని తెల్ల చారలు, నడినెత్తిన నీలం. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు దూరం నుంచి మట్టి రంగు పిట్టలాగే కనిపిస్తుంది. ఎగిరితేనే రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు బయటపడతాయి. కార్డులు చేసేవారికి కావలసింది కూర్చున్నా రంగులతో మెరిసే పిట్ట. అందుకే ఆఫ్రికా పిట్ట వారి కంట పడుతోంది.

అసలు చిక్కు వెతికే పద్ధతిలో ఉంది. ఫొటోలు అమ్మే సైట్లలో బొమ్మకు పేరు పెట్టేది దాన్ని అప్‌లోడ్ చేసిన మనిషే. బొమ్మ ఎక్కువ మందికి కనబడాలని పదుల కొద్దీ పేర్లు తగిలిస్తారు. పాలపిట్టను ఇంగ్లిష్‌లో ఇండియన్ రోలర్ అంటారు కాబట్టి రోలర్ అని, ఇండియన్ అని, నీలి పిట్ట అని, తోచినవన్నీ పెట్టేస్తారు. ఆఫ్రికా సఫారీలకు వెళ్లిన వారు తీసిన ఫొటోలు కుప్పలుగా ఉన్నాయి కాబట్టి అవే ముందు వరుసలోకి వస్తాయి. దీనికి తోడు బ్రిటిష్ కాలంలో పాలపిట్టను బ్లూ జే అని రాసేవారు. ఉమ్మడి రాష్ట్రంలో చదువుకున్న చాలా మందికి రాష్ట్ర పక్షి పేరు ఇంగ్లిష్‌లో అలాగే గుర్తుంది. ఆ పేరుతో వెతికితే ఉత్తర అమెరికాలోని నెత్తిన కుచ్చు ఉండే వేరే పక్షి వస్తుంది. వచ్చిన బొమ్మను మనం తీసుకుని కింద తెలుగులో 'పాలపిట్ట' అని రాసి పంచుతాం. మరుసటి ఏడు వెతికిన వారికి మనం రాసిన ఆ మాటే సాక్ష్యంగా దొరుకుతుంది. మాటతో వెతికితే యంత్రం పిట్ట కన్నా ఎక్కువగా, పిట్ట పక్కన రాసి ఉన్న మాటను చూస్తుంది. ఫోనులో బొమ్మ చూపించి వెతికినా పూర్తిగా నమ్మలేం. ఆ బొమ్మ, దాన్ని పోలినవి ఇంకెక్కడెక్కడ ఉన్నాయో వెతికి, అక్కడ రాసిన తప్పు పేరునే తెచ్చి ఇవ్వవచ్చు.

కాబట్టి శాస్త్రీయ నామంతో వెతకండి. పాలపిట్టకు కొరాషియస్ బెంగాలెన్సిస్ (Coracias benghalensis). దీన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి వికీమీడియా కామన్స్‌లో చూడండి, అక్కడ ఫొటోలు జాతుల వారీగా విడగొట్టి ఉంటాయి. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం ఉచితంగా ఇచ్చే మెర్లిన్ యాప్ కూడా మంచిదే. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఫొటో ఎక్కడ తీశారని అది అడుగుతుంది. ఇంటర్నెట్ నుంచి తీసుకున్న బొమ్మకు మీరు కరీంనగర్ అని చెబితే, అది కరీంనగర్‌లో ఉండే పిట్టల్లోంచే దగ్గరి పోలిక వెతుకుతుంది. ఆఫ్రికా పిట్టను చూపించినా 'పాలపిట్ట' అని జవాబు రావచ్చు. ఎక్కడ తీశారో తెలియని బొమ్మకు ఊరి పేరు చెప్పకండి. జవాబు వచ్చాక తోక, రొమ్ము మీ కళ్లతో చూసుకోండి.

సందేహం: విజయవాడలో డిజైన్ సెంటర్ నడుపుతున్నాను. ఫ్లెక్సీలకు, స్కూల్ చార్టులకు పక్షుల బొమ్మలు కావాలి. కాపీరైట్ ఇబ్బంది రాకుండా ఎక్కడ తీసుకోవాలి? ఏ పిట్ట అయినా ఎవరూ పట్టించుకోరు కదా?

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. వికీమీడియా కామన్స్‌లో ప్రతి ఫొటో కింద లైసెన్సు రాసి ఉంటుంది. ఫొటో తీసిన వారి పేరు వేయమని ఉంటే చార్టు అంచున చిన్న అక్షరాల్లో వేయండి.

ఎవరూ పట్టించుకోరన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఎర్ర ముక్కు, ఆకుపచ్చ ఒళ్లు, మగదానికి మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు వలయం. మన జామచెట్టు మీద రోజూ వాలే పక్షి. పిల్లల చార్టుల్లో మాత్రం దాని చోట దక్షిణ అమెరికా మకావ్ కూర్చుంటోంది, లేదా ఆస్ట్రేలియా బడ్జీ. పులికాట్ యాత్రల ప్రకటనల్లో ఒళ్లంతా ముదురు నారింజ రంగు నిండిన ఫ్లెమింగోలు కనిపిస్తున్నాయి. అవి కరీబియన్ ప్రాంతానివి. పులికాట్‌కు వచ్చే పెద్ద ఫ్లెమింగో ఒళ్లు లేత గులాబీ జీర కలిసిన తెలుపు, దాని ముదురు రంగంతా రెక్కల్లో ఉంటుంది. గరుడ పక్షి అంటూ వేసే బొమ్మల్లో ఉండేది అమెరికా బాల్డ్ ఈగిల్. మన పెద్దలు ఆకాశంలో చూసి దండం పెట్టుకునే గద్దకు తలతో పాటు రొమ్ము కూడా తెల్లగా ఉంటుంది, మిగతా ఒళ్లు ఇటుక రంగు. బాల్డ్ ఈగిల్‌కు తల, తోక తెలుపు, రొమ్ము ముదురు గోధుమ. రొమ్ము ఒక్కటి చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

చార్టు చూసి నేర్చుకున్న పిల్లవాడు పొలం గట్టున నిజమైన పాలపిట్ట కనబడితే గుర్తుపట్టడు. వాడికి తోక పొడుగ్గా ఉండాలి, రొమ్ము ఊదాగా ఉండాలి. తన ఊరి పిట్ట వాడికి మామూలు పిట్టగా మిగిలిపోతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే. రెడీమేడ్ డిజైన్లు ఇచ్చే యాప్‌లు తయారు చేసేవారికీ బాధ్యత ఉంది. ఒకే తప్పు బొమ్మ వేల కార్డుల్లోకి పోతుంటే, 'ఈ పేరు తప్పు' అని చెప్పడానికి ఒక్క బటన్ కూడా పెట్టని యాప్‌లు ఎన్నో ఉన్నాయి. రంగులు మార్చడానికి, మెరుపులు అద్దడానికి మాత్రం ప్రతి అప్‌డేట్‌లో కొత్త బటన్లు వస్తూనే ఉంటాయి.

సందేహం: 'మీ పేరుతో పాలపిట్ట దర్శనం' అని వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. నొక్కితే ఇన్‌స్టాల్ చేయమంటోంది. చేయవచ్చా?

చేయవద్దు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది ఇదే. బొమ్మ చూడటానికి ఏ యాప్ అక్కర్లేదు. ఫైలు పేరు చివర ఏపీకే అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటే అది ఫొటో కాదు, ప్రోగ్రామ్. పంపింది మీ మేనత్త అయినా సరే, ఆమె ఫోను అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండి ఉండవచ్చు. ఇలాంటివి ఇన్‌స్టాల్ అయ్యాక ముందు మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతాయి. ఆ తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. చూపు సరిగా లేని వారి కోసం పెట్టిన సదుపాయం అది. దాన్ని ఇచ్చారంటే మీ తెర మీద కనిపించేది ఆ ప్రోగ్రామ్ చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంకు నుంచి ఓటీపీ వస్తే మీరు చూసే లోపే అవతలికి చేరిపోతుంది. అదే ఫైలు మీ పేరుతో మీ వాళ్లందరికీ వెళుతుంది.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసిన వారు వెంటనే డేటా, వైఫై ఆపి ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను నిలిపివేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో దానికి ఇచ్చిన యాక్సెసిబిలిటీ, అడ్మిన్ అనుమతులు తీసేసి, అప్పుడు యాప్‌ను తొలగించండి. అనుమతులు ఉండగా కొన్ని తొలగవు. ఏ మాత్రం అనుమానం ఉన్నా ఫొటోలు దాచుకుని ఫోను మొత్తం రీసెట్ చేయించండి. పిన్, పాస్‌వర్డ్‌లు మార్చడం వేరే ఫోను నుంచే జరగాలి.

సందేహం: మా ఊరి చెరువు దగ్గర నేనే పాలపిట్ట ఫొటో తీశాను. బాగా జూమ్ చేశాను. ఇంట్లో చూస్తే ఈకలు రంగు పూసినట్టున్నాయి, రొమ్ము మీద చారలే లేవు. లెన్స్ పాడైందా?

లెన్స్ బాగానే ఉంది. జూమ్ ఎంత పెద్ద అంకె చూపిస్తే అంత గొప్ప అన్నట్టు ఫోన్లు అమ్ముతున్నారు. కొంత దూరం దాటాక లెన్స్‌కు అందని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. సన్నని చారలను మచ్చలనుకుని చెరిపేస్తుంది, నీలాన్ని ఇంకా చిక్కగా చేస్తుంది. పక్షిని గుర్తుపట్టడానికి పనికొచ్చేవి ఆ చారలే. కెమెరా సెట్టింగ్స్‌లో ఏఐ, సీన్ పేర్లతో ఉన్నవి ఆపేయండి, ప్రో మోడ్ ఉంటే వాడండి, జూమ్ తగ్గించి తీసి తర్వాత కత్తిరించుకోండి. కొన్ని ఫోన్లలో అప్‌డేట్ తర్వాత ఈ సెట్టింగులు వాటంతట అవే మళ్లీ ఆన్ అవుతున్నాయి, అప్పుడప్పుడు చూసుకోండి.

ఫొటో పంచుకునే ముందు ఇంకొక్క పని చేయండి. దసరా నాడు చూపించి డబ్బులు అడగడానికి పాలపిట్టలను పట్టి కాళ్లకు తాళ్లు కట్టేవారు ఇంకా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఎక్కడ తీశారో ఫైలులోనే నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం తొలగిపోతుంది, నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్లిపోతుంది. ఎండిన తాటి మొద్దు తొర్రలో గూడు కనబడి ఫొటో తీస్తే, కెమెరాలో లొకేషన్ ఆపి తీయండి. ఊరి పేరు, చెరువు పేరు గ్రూపులో రాయకండి.