చెదిరిన కలలకు క్రైస్తవ విశ్వాసం మళ్లీ ఆశ ఎలా కలిగిస్తుంది?

2018 అక్టోబరు నాటి తిత్లీ తుపానులో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని తోట కూలిపోయిందని, దానితోపాటే పిల్లను చదివించాలన్న కల కూడా పోయిందని, ఇక దేనిపై ఆశ పెట్టుకోవాలని మీరు అడిగారు.

తెలుగు బైబిలులో ఆశకు తరచుగా 'నిరీక్షణ' అనే మాట వాడారు. వాడుకలో దానికి ఎదురుచూడటమని అర్థం. ఈ రెండూ ఒకే మాటలో ఇమడటం నా దృష్టిలో మంచిదే. లూకా సువార్త 24వ అధ్యాయంలో, యేసు మరణించాక ఆమడ దూరంలోని ఎమ్మాయుకు నడుస్తున్న ఇద్దరు శిష్యులు, దారిలో కలిసిన బాటసారితో, ఇశ్రాయేలును విమోచించేవాడు యేసేనని 'నిరీక్షించియుంటిమి' అని భూతకాలంలో చెప్పుకుంటారు. ఆయన రొట్టె విరిచి ఇచ్చేదాకా ఆ బాటసారి యేసేనని వారు గుర్తుపట్టలేదు. కోరిన విమోచన వారనుకున్న రూపంలో రాలేదు. అయినా ఆ గడియలోనే లేచి, వచ్చిన దారినే యెరూషలేముకు తిరిగి వెళ్లారు.

మిడుతలు తిన్న సంవత్సరాల పంటను మరల ఇస్తానన్న యోవేలు గ్రంథపు మాటను (2:25) బీమా పత్రంలా చదవకూడదు. అది ఆనాటి యూదా ప్రజలకు చెప్పినది. నరికిన చెట్టుకైనా చిగురిస్తుందన్న నమ్మకం ఉంది కాని మనిషికి లేదని బైబిలులోని యోబు గ్రంథంలో, అన్నీ కోల్పోయిన యోబు వాపోతాడు (14వ అధ్యాయం). మన తోటల్లో విరిగిన జీడి మొదలు చిగురిస్తుంది. మొవ్వు విరిగిన కొబ్బరి మాత్రం చిగురించదు, కొత్త మొక్క నాటి ఏళ్ల తరబడి ఆగవలసిందే. ఆ కొబ్బరిలాంటి నష్టానికే క్రైస్తవ విశ్వాసం క్రీస్తు పునరుత్థానాన్ని, అంటే ఆయన చనిపోయి తిరిగి లేవడాన్ని, జవాబుగా చూపుతుంది.