విప్పకుండానే మోటారు పోయిందన్నారు

ముప్ఫై నాలుగేళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నవాణ్ని. చూపు మందగించి చిన్న స్క్రూలు కనబడక బల్ల వదిలేశాను. నోరు ఇంకా బాగానే పనిచేస్తోంది గనుక ఈ శీర్షిక. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు, 'ఎవరూ సరిగ్గా చూడట్లేదు, ఎవరికీ పని రావట్లేదు' అని. కొన్నిటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మా వాషింగ్ మెషిన్ బట్టలు ఉతికాక నీళ్లు బయటికి వదలకుండా ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త గొంతే. మాట మాత్రం ఒకటే: 'ప్లగ్ తీసి మళ్లీ పెట్టారా మేడమ్?' ఆరో రోజు టెక్నీషియన్ వచ్చాడు. బటన్లు నొక్కి చూశాడు. ఒక్క స్క్రూ విప్పకుండా 'మోటారు పోయింది, బోర్డు కూడా మార్చాలి, దానికన్నా కొత్తది కొనుక్కోండి' అనేసి వెళ్లిపోయాడు. కొనాలంటారా?
– ఒక గృహిణి

జవాబు: ఆగండమ్మా, కొనకండి. మీ ఉత్తరంలోనే జవాబుంది. మెషిన్ బట్టలు ఉతికిందన్నారు కదా. ఉతికిందంటే డ్రమ్ము తిరిగినట్టే. డ్రమ్ము తిరిగిందంటే మోటారు బతికున్నట్టే. ఇక తలుపు తెరుచుకోకపోవడం జబ్బు కాదు. లోపల నీళ్లున్నాయని తెలిసి తాళం వదలడం లేదు, వదిలితే మీ ఇల్లంతా చెరువయ్యేది.

ముందు ప్లగ్ తీసేయండి. కుళాయి కట్టేయండి. వేడినీళ్లతో ఉతికి ఉంటే చల్లారేదాకా ఆగండి. ముందువైపు తలుపుండే మెషిన్లలో చాలావాటికి కింద, ఒక మూలన, అరచేతిలో పట్టేంత చిన్న మూత ఉంటుంది. దాని కింద పాతగుడ్డ, లోతు తక్కువున్న పళ్లెం పెట్టండి. లోపల సన్నటి రబ్బరు గొట్టం కనబడితే నీళ్లు ముందు దాంట్లోంచి వదలండి. లేకపోతే గుండ్రటి బిరడాను ఎడమకు కొద్దికొద్దిగా తిప్పండి. నీళ్లు వస్తాయి. పళ్లెం నిండితే బిగించి, పారబోసి, మళ్లీ తిప్పండి. చివరికి ఫిల్టరు చేతికొస్తుంది. దాంట్లో నాకు ఇన్నేళ్లలో దొరికినవి: నాణేలు, పిన్నీసులు, చొక్కా గుండీలు, పసిపిల్లల మేజోళ్లు, ఒకసారి ఒక ముక్కుపుడక. ఆ ఇంటివాళ్లు అప్పటికి రెండు నెలలుగా పనిమనిషిని అనుమానిస్తున్నారు.

ఫిల్టరున్న గుంతలో టార్చి వేసి చూస్తే చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. వేలితో తిప్పండి. ఆగి ఆగి, కుదుపుతో తిరుగుతుంది. చాలా పంపుల్లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలాగే తిరగాలి, భయపడకండి. దారమో వెంట్రుకలో చుట్టుకుని ఉంటే లాగేయండి. వెనక నీళ్లు పోయే గొట్టం నలిగిందేమో కూడా చూడండి. ఇదంతా చేశాకా నీళ్లు పోకపోతే అప్పుడు పంపును అనుమానించాలి. అది పెద్ద మోటారుతో సంబంధం లేని వేరే చిన్న భాగం. వచ్చినవాడితో 'డ్రెయిన్ పంపు చూడు నాయనా' అనండి. ఆ ముక్క మీ నోట వినగానే అతను మూత విప్పుతాడు.

అతన్ని తిట్టాలని నాకేమీ లేదు. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఒక పెద్దాయన సీలింగ్ ఫ్యాను మోసుకొచ్చాడు. స్విచ్ వేస్తే గుయ్యిమంటోంది, తిరగడం లేదు. 'కాయిల్ కాలిపోయింది, రీవైండింగ్ చేయాలి' అని చెప్పి డబ్బు కూడా తీసుకున్నాను. సాయంత్రం మా గురువుగారు వచ్చి, కరెంటు పెట్టి, మోటారు డొప్పను చేత్తో ఒక తిప్పు తిప్పారు. తిరగడం మొదలెట్టింది. ఆపి అటువైపు తిప్పారు. అటూ తిరిగింది. నా వైపు చూశారు, ఏమీ అనలేదు.

ఎటు తోస్తే అటు తిరిగే ఫ్యానుకు పోయింది కెపాసిటరు. మన ఇళ్లకొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్క కాయిల్లో పారితే అయస్కాంత బలం ఒకచోటే పెరిగి తగ్గుతుంది తప్ప చుట్టూ తిరగదు. రెండో కాయిల్లో కరెంటును కాస్త ముందుకు జరిపి ఆ బలాన్ని తిప్పేది కెపాసిటరు. వేలెడంత వస్తువు. దాన్ని మార్చడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ పెద్దాయన ఇంటికి వెళ్లడానికి మాత్రం గంట పట్టింది, ఎందుకంటే దారిలో మూడుచోట్ల ఆగిపోయాను. డబ్బు వెనక్కిచ్చి, 'విప్పకుండా చెప్పానండీ' అని వాళ్ల కోడలి ముందు అనాలి. గురువుగారి ఆజ్ఞ. అన్నాను.

మీ ఇంటికొచ్చిన అబ్బాయికి ఆ గంట ఎప్పటికీ రాదు. ఫోన్లో మాట్లాడేది ఒకరు, వచ్చేది ఒకరు, సామాను పంపేది ఇంకొకరు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడరు. రేపు మీ ఫిల్టర్లో నాణెం దొరికితే ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లు లేరు. వీలైతే మీరే ఫోన్ చేసి చెప్పండి. కోపంగా వద్దు.

ప్రశ్న: ఎప్పుడు చేసినా 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి' అంటారు. అంత ముఖ్యమైతే ఎత్తరేం?
– విసిగిపోయిన ఒక పాఠకుడు

జవాబు: దీని లెక్క వందేళ్ల కిందటే తేలిపోయింది. డెన్మార్కులో అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఎన్ని లైన్లుంటే జనం ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కలు కట్టి 1909లో ఒకసారి, 1917లో ఇంకోసారి ప్రచురించాడు. టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

ఒక్కరే కూర్చున్న కౌంటరు అనుకోండి. ఒక్కో మనిషికి సగటున 5 నిమిషాలు పడుతుంది. ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు, ఎవరి పని ఎంతసేపు పడుతుందో కూడా ముందు తెలియదు. కౌంటర్లోని మనిషికి సగం సమయమే పని ఉంటే, వచ్చినవాడు సగటున 5 నిమిషాలు ఆగుతాడు. నూటికి 80 వంతులు పని ఉంటే 20 నిమిషాలు. 90 వంతులైతే 45 నిమిషాలు. పని పెరిగింది కాస్తే, వరస పెరిగింది కొండంత. కూర్చున్నవాళ్లు పదిమందైతే అంకెలు మారతాయి గానీ చివర్లో ఆ కొండ తప్పదు.

యజమానికి కనబడేది జీతం తీసుకుంటూ ఖాళీగా కూర్చున్న మనిషి. మీరు ఆగిన 45 నిమిషాలు ఆయన చిట్టాలో ఎక్కడా ఖర్చుగా పడవు. అందుకే మనిషిని పెట్టరు, సంగీతం పెడతారు. ఆ సంగీతం గురించి నేను మాట్లాడను, నాకు రక్తపోటు ఉంది.

ప్రశ్న: నేను కస్టమర్ కేర్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. రోజంతా తిట్లే. నేను మాట్లాడే మెషిన్ లోపల ఎలా ఉంటుందో ఇంతవరకు చూడలేదు సార్. స్క్రీన్ మీద వచ్చే ప్రశ్నలు వరసగా అడగాలి. వరస తప్పితే మార్కులు పోతాయి, కాల్ ఎక్కువసేపు సాగినా పోతాయి. మీలాంటి పెద్దలు మమ్మల్ని ఏమీ రానివాళ్లంటారు. మాకు ఎవరు నేర్పారని?
– ఒక ఉద్యోగిని

జవాబు: నిజమేనమ్మా, ఎవరూ నేర్పలేదు. ఈ నెల అన్ని ఉత్తరాల్లోకీ నన్ను ఇబ్బంది పెట్టింది నీదే.

పైన వాషింగ్ మెషిన్ ఉత్తరం చూశావు కదా. ఆవిడ నాలుగుసార్లు చేసింది. నాలుగూ తక్కువ సమయంలో ముగిసిన కాల్సే, కాబట్టి నలుగురికీ మంచి మార్కులే వచ్చి ఉంటాయి. నీళ్లు మాత్రం డ్రమ్ములోనే ఉన్నాయి. అదే మొదటి ఫోన్‌లోనే ఎవరైనా పది నిమిషాలు కూర్చోబెట్టి ఫిల్టరు విప్పించి ఉంటే, ఆ అమ్మాయికి ఆ రోజు మార్కులు తగ్గేవి. కొలిచేది నిమిషాలనైతే నిమిషాలే బాగుపడతాయి.

నా సంగతి చెప్తాను. చేరిన మొదటి ఆరు నెలలు మా గురువుగారు నన్ను రిపేరు ముట్టుకోనివ్వలేదు. విప్పడం, తుడవడం, తిరిగి బిగించడం. ఇంకొకటి, వినడం. చెక్కపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను తిరుగుతున్న మోటారు బేరింగు దగ్గర ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించమనేవారు. డాక్టరు గుండె విన్నట్టే ఉంటుంది. గ్రీజు ఎండిన బేరింగు కరకరమంటుంది. గోళీ అరిగినది లెక్క తప్పకుండా టిక్కుటిక్కుమంటుంది. మొదటి నెల నాకు అన్నీ ఒకటే రొదలా వినిపించాయి. మూడో నెలలో ఒకరోజు తేడా తెలిసింది. ఎలా తెలిసిందో ఇప్పటికీ మాటల్లో చెప్పలేను, అందుకే అది నీ స్క్రీన్ మీదికి ఎక్కదు.

నీకు చేతనైనవి రెండున్నాయి. వాపసు వచ్చి తుక్కులో పడేసిన మెషిన్ ఒకటి అడుగు. మీ పైవాళ్లు నవ్వుతారు, అయినా అడుగు. సెలవు రోజు విప్పి, ఏ తీగ ఎక్కడికి పోతోందో చేత్తో తడిమి చూడు. ఆ తర్వాత అవతలివాళ్లు 'కింద ఏదో గరగరమంటోంది' అన్నప్పుడు ఆ కింద ఏముందో నీ కళ్లకు కడుతుంది. రెండోది, స్క్రీన్ ప్రశ్నలు అడుగుతూనే వాటి మధ్య 'ఆగేముందు ఏం శబ్దం వచ్చిందండీ?' అని ఒక్కటి దూర్చు. దాని జవాబు టెక్నీషియన్ చూసే చోట రాసిపెట్టు. అతను చదువుతాడని హామీ ఇవ్వలేను.

ప్రశ్న: ఫోన్‌కి బ్యాటరీ మనమే మార్చుకునే రోజులు పోయాయి. అంతా జిగురుతో అంటించేశారు. నీళ్లు పోకుండా అంటున్నారు, నమ్మవచ్చా?
– ఒక విద్యార్థి

జవాబు: సగం నమ్ము. జిగురు నీటిని ఆపే మాట నిజమే. రబ్బరు వాషరూ స్క్రూలూ కూడా ఆపగలవన్నది రెండో సగం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నియమాల ప్రకారం ఫోన్ బ్యాటరీ 800 సార్లు చార్జి చేశాకా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఆ మోడల్ అమ్మకం ఆపేశాకా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. ఫ్రాన్స్‌లో 2021లోనే ఫోన్లు, లాప్‌టాప్‌ల వంటివాటి మీద, ఎంత తేలిగ్గా రిపేరు చేయొచ్చో పదికి ఇన్ని మార్కులని వేసి అమ్మాలన్న నియమం వచ్చింది. చట్టం అడిగితే కంపెనీలకు అన్నీ చేతనవుతాయి.

అలాగని ఇప్పుడున్న ఫోన్‌ను గోళ్లతో పీకకు. లిథియం బ్యాటరీకి మొన గుచ్చుకుంటే మంటే. ఉబ్బిన బ్యాటరీని అసలు ముట్టుకోకు.

ప్రశ్న: అన్నిటికీ యూట్యూబ్ వీడియోలున్నాయిగా, ఇంక మీ శీర్షిక ఎందుకు?
– పేరు రాయలేదు

జవాబు: వీడియోలో స్క్రూ ఎప్పుడూ తుప్పు పట్టి ఉండదు బాబూ. మీ ఇంట్లోది పట్టి ఉంటుంది. చూడండి, నేనూ చూస్తాను. మైక్రోవేవ్ ఓవెన్ వీడియో చూసి మాత్రం మూత విప్పకండి. దాని కెపాసిటర్లో రెండు వేల వోల్టులకు పైగా నిల్వ ఉంటుంది, ప్లగ్ తీసినా ఉండిపోవచ్చు. నా పక్క బల్లవాడు అది నాకు చేతిమీది మచ్చ చూపించి నేర్పాడు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. మొన్న బల్బు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు. ఈ తరానికి చేతులు లేవా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఉన్నాయండీ. వాడు ఆరేళ్లప్పుడు గోడ గడియారం విప్పబోతే ఆ చేతుల మీద ఒకటి వేసింది ఎవరో గుర్తు చేసుకోండి. మీరు కాకపోతే క్షమించండి. నాకు తెలిసిన ఇళ్లన్నిటిలోనూ అదే జరిగింది. మా ఇంట్లో కూడా. రిపేరు చేసేవాడి కొడుకు సామాన్లు ముట్టుకోకూడదు, చదువుకోవాలి అన్నాను. వాడు చదువుకున్నాడు. ఇప్పుడు వాడింట్లో కుళాయి కారితే నాకు ఫోన్ చేస్తాడు.

ఇప్పుడైనా మించిపోలేదు. పాడైన టీవీ రిమోట్ ఒకటి వాడి చేతిలో పెట్టండి. బ్యాటరీలు తీసేశాక అందులో ఎవరికీ ప్రమాదం లేదు. దానికి సరిపోయే స్క్రూడ్రైవరు ఇవ్వండి, సాధారణంగా ప్లస్ ఆకారపు మొన ఉన్నది, సున్నా నంబరుది. చేతికందిన పెద్దదానితో తిప్పితే గాడి అరిగి స్క్రూ ఇక రాదు. విప్పేముందు ఫొటో తీయమనండి. స్క్రూలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే కాగితం మీద పెట్టమనండి.

తిరిగి బిగించేటప్పుడు ఒక కిటుకు. ప్లాస్టిక్‌లో దిగే స్క్రూను పెట్టగానే కుడికి తిప్పకూడదు. ముందు ఎడమకు మెల్లగా తిప్పాలి. ఒకచోట టిక్కుమని కొద్దిగా కిందికి పడుతుంది, పాత మర దొరికిందన్నమాట. అక్కణ్నుంచి కుడికి. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోయి రంధ్రం వదులైపోతుంది. ఆ టిక్కు చెవికి వినబడేది తక్కువ, వేళ్లకు తెలిసేది ఎక్కువ. వాడికి తెలిసిన రోజు మీకు వాడి మొహంలోనే కనబడుతుంది, అడగక్కర్లేదు.

రిమోట్ అయ్యాక టేబుల్ ఫ్యాను ఇవ్వండి. అంతా బిగించాక ఒక స్క్రూ మిగిలిపోతుంది. నాకూ మిగిలేవి, ఒక డబ్బా నిండా ఉన్నాయి. అది ఎక్కడిదో దొరికేదాకా ప్లగ్ మాత్రం పెట్టనివ్వకండి.