బెండు ఊగుతుంది, ఎర పోతుంది, చేప పడదు: బంగారుతీగకు గాలం ఎలా కట్టాలి?

రాగి ముద్దతో హుక్ మొత్తం కప్పి వేస్తున్నాననీ, బెండు నాలుగుసార్లు ఊగి ఆగిపోతోందనీ, తీసి చూస్తే ఎర ఉండటం లేదనీ రాశారు. ముద్దను తప్పుపట్టకండి, హుక్‌కు ఎర కట్టే తీరు మార్చండి.

బంగారుతీగ (కామన్ కార్ప్) చేపకు దవడ మీద పళ్లుండవు, గొంతులో ఉంటాయి. అడుగున ఉన్నదాన్ని నోట్లోకి పీల్చుకుంటుంది, అనుమానం వస్తే ఊసేస్తుంది. ముద్దలో కూరుకుపోయిన హుక్ మొన పెదవికి తగిలేలోపే బయటికి వచ్చేస్తుంది. అందుకే ఎరను హుక్‌కు గుచ్చకుండా, హుక్ వంపు కింద చిన్న దారానికి వేలాడదీస్తారు. దీన్ని హెయిర్ రిగ్ అంటారు. ఇంగ్లండ్‌లో లెనీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే గాలం వేటగాళ్లు కనిపెట్టారు. మొదట తలవెంట్రుకతోనే కట్టి చూశారట.

మూరెడు మెత్తటి బ్రెయిడ్ (అల్లిన దారం) తీసుకోండి. ఒక కొసకు చిన్న ఉచ్చు ముడి వేసి, ఉడికిన కాబూలీ శనగ ముందే ఎక్కించేయండి. అప్పుడు కొలత కంటికే తెలుస్తుంది. రెండో కొసను 6 లేదా 8 నంబరు హుక్ కన్నులో వెనక నుంచి దూర్చి లాగండి. వంపుకూ శనగకూ మధ్య అర సెంటీమీటరు వదలాలి. శనగ ఉన్న దారాన్ని హుక్ నిలువు కాడకు ఆనించి పట్టుకుని, పొడుగు దారంతో కన్ను దగ్గర మొదలుపెట్టి కిందికి ఏడెనిమిది చుట్లు వేయండి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. తర్వాత అదే కొసను మళ్లీ కన్ను వెనక నుంచి దూర్చి మొన వైపుకు తీయండి. ఎదురు వైపు నుంచి దూరిస్తే కట్టు అందంగానే ఉంటుంది కానీ హుక్ తిరగదు. ఉమ్మితో తడిపి బిగించండి. అరచేతి మీద మెల్లగా ఈడ్చి చూడండి. మొన దానంతట అదే కిందికి తిరిగి చర్మాన్ని గీకితే సరిగ్గా కుదిరినట్టు.

బెండు తీసేయండి. హుక్‌కు జానెడు పైన 60 నుంచి 80 గ్రాముల సీసం గుండు ఉంటే, చేప కదలగానే ఆ బరువే మొనను దించుతుంది. లైన్ తెగితే సీసం ఊడిపోయేలా క్లిప్‌కే తగిలించండి, లేకపోతే పాపం చేప దాన్ని మోసుకు తిరుగుతుంది.

మీ రాగి ముద్దను పారేయక్కర్లేదు. వేరుశనగ చెక్క, కాస్త బెల్లం కలిపి సీసం చుట్టూ అదమండి. బెంగళూరులో నేను వెళ్లేది హోసకోటె వైపు, డబ్బు కట్టి పట్టుకునే చెరువుకు. అక్కడ అడుగంతా నల్ల బురద, శనగ దిగబడిపోతుంది. దాని పక్కన గోరంత ఫోమ్ ముక్క గుచ్చితే పైకి తేలి కనిపిస్తుంది.

శనగలు రాత్రంతా నానబెట్టి బాగా ఉడికించాలి, పచ్చివి చేప కడుపులో ఉబ్బుతాయి. బొచ్చె (కట్లా) చేప కోసమైతే ఇదంతా అనవసరం, అది పైనీటిలో తింటుంది, దానికి మీ బెండే మంచిది. ఇంకోటి, నగరంలో చాలా చెరువుల్లో చేపల హక్కు కాంట్రాక్టర్లది. రాడ్ విప్పే ముందే కాపలా ఆయన్ని అడగండి.