రచన సందేహాలు: చదువుకునే పిల్ల కథ

ప్రశ్న: మహారాష్ట్రలోని సిరొంచ దగ్గరి పల్లెలో కూలివాళ్ల అమ్మాయి మీద నవల రాస్తున్నాను. పదిలో లెక్కలు తప్పి ఏడాది ఇంట్లో కూర్చుంటుంది. తర్వాత ఆర్ట్స్‌తో పన్నెండు పాసై బీఎస్సీ నర్సింగ్‌లో చేరుతుంది. తాగే తండ్రి, సాధించే మేనత్త ఉన్నారు. చదివినవాళ్లు ‘కష్టాలున్నాయి గానీ నమ్మకం కలగట్లేదు’ అంటున్నారు. ఎందుకని?
— ఒక పాఠకురాలు, గడ్చిరోలి జిల్లా

జవాబు: కష్టమంతా మీరు మనుషుల దుర్మార్గం మీద పెట్టారమ్మా. ఆ తాలూకాలో ఆడపిల్ల చదువుకు అడ్డం పడేవి ఎక్కువగా తేదీలూ, కాగితాలూ, కూలి పనుల కాలమూ. అవి కథలో లేకపోతే మేనత్త ఎంత సాధించినా పాఠకుడికి పట్టదు.

ముందు రెండు తప్పులు దిద్దుకోండి. మహారాష్ట్ర బోర్డు పదిలో లెక్కలకు బీజగణితం 40, రేఖాగణితం 40, బడిలో వేసేవి 20 మార్కులు. పాసుకు 35. ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా ఏటీకేటీ అనే వెసులుబాటు కింద పదకొండులో చేరొచ్చు, పోయినవి సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. కాబట్టి మీ అమ్మాయి ఏడాది ఎందుకు కూర్చుందో కారణం చూపాలి. ఏటీకేటీ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదా? ఫారం నింపే గడువునాటికి ఊళ్లో లేదా? నవల అక్కడే ఉంది. రెండోది, ఆర్ట్స్‌తో బీఎస్సీ నర్సింగ్ రాదు. దానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాలి. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎంకైతే ఆర్ట్స్ పనికొస్తుంది. ఆమెను జీఎన్ఎంలో చేర్చండి. లేదా పదకొండులోనే సైన్సు కోసం ఇల్లు వదిలించి హాస్టలుకు పంపండి. మా మట్టుకు రెండోదే బలంగా ఉంటుంది, ఎందుకంటే పదహారేళ్ల పిల్లను దూరం పంపాలా వద్దా అన్న తగువు ఇంట్లో అందరి చేతా మాట్లాడిస్తుంది.

ఇక కాలం. మిర్చి ఏరడానికి ఆ వైపు కూలీలు నది దాటి తెలంగాణకు పోయేది జనవరి నుంచి మార్చి దాకా. పన్నెండు, పది పరీక్షలు వచ్చేదీ ఫిబ్రవరి, మార్చిల్లోనే. అవ్వ, బాపు (అక్కడి మాటలో తల్లీ, తండ్రీ) మిర్చికి పోతే చిన్నపిల్లలను, మేకలను ఎవరు చూడాలి? పిల్లను వెంట తీసుకుపోతే హాల్‌టికెట్ ఎవరు తేవాలి? తండ్రి మంచివాడైనా ఈ చిక్కు తప్పదు. అందుకే తాగుడు తీసేసి చూడమంటున్నాం. మేలో బీడీలు చుట్టే తునికాకు: 70 ఆకుల కట్ట లెక్కన కోసి, కట్టి, కల్లంలో అప్పజెప్పిన డబ్బే చాలా ఇళ్లలో ఫీజు, పుస్తకాలు. విదర్భలో ఎండల వల్ల బడులు జూన్ చివర్లో గానీ తెరవరు గనక ఆ డబ్బు చేతికి రావడం, రాకపోవడం కథను నడిపిస్తుంది.

బస్సు చార్జీ లేక బడి మానిందని రాయకండి. పల్లె ఆడపిల్లలకు ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ రవాణా సంస్థ) బస్సులో ఉచిత పాసు ఉంది. వాగు పొంగి బస్సే రాలేదని రాయండి. ఆడవాళ్లకిచ్చే సగం టికెట్ తల్లికి దక్కేది 2023 మార్చి నుంచే. కథ అంతకు ముందుదైతే ఆమె నిండు టికెట్ కొనాలి.

అన్నిటికన్నా పెద్దది కుల ధ్రువపత్రం. బీఎస్సీ నర్సింగ్ లాంటి వృత్తి కోర్సుల్లో రిజర్వు సీటుకు ఆ పత్రం ఒక్కటే చాలదు, పరిశీలన సమితి ఇచ్చే ‘వ్యాలిడిటీ’ (కులం నిజమేనన్న నిర్ధారణ పత్రం) కావాలి. కుటుంబం ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, ఓబీసీలకు 1967 అక్టోబరు 13 నాటికే ఇప్పటి మహారాష్ట్ర ప్రాంతంలో ఉన్నట్టు పాత కాగితాలు అడుగుతారు. తాత ఈ ఒడ్డు బడిలో చదివుంటే దాఖల్-ఖారిజ్ (బడిలో చేరిన, మానిన పిల్లల) రిజిస్టరులో పేరు దొరుకుతుంది. తాత బడి ముఖమే చూడకపోతే? అవతలి ఒడ్డు నుంచి వచ్చి స్థిరపడితే? తాతకు దక్కని చదువు మనవరాలి సీటుకు అడ్డం వస్తుంది. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర పాత భూమి కాగితాల కోసం ఆమెను తిప్పండి. రెండు అధ్యాయాలు దీనికే ఇవ్వండి, కుదించకండి.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సంభాషణలు ఎలా రాయాలి?
— అదే పాఠకురాలు

జవాబు: అవ్వ, బాపు అక్కడి తెలుగే మాట్లాడాలి, కోస్తా తెలుగు వద్దు. బడి మాటల్లో ‘దాఖలా’ (బడి ఇచ్చే ధ్రువపత్రం), ‘బాయి’ (టీచరమ్మ), ‘గురూజీ’ (మాస్టారు) అలాగే ఉంచండి. నవలలో పక్కన అర్థం ఇవ్వొద్దు. దాఖలా చేతిలో పట్టుకుని పిల్ల బడి గేటు దాటితే అదేమిటో పాఠకుడికి తెలిసిపోతుంది.

ప్రశ్న: నా కథలో ఒడిశాలోని పర్లాకిమిడి పక్క పల్లెలో ఎనిమిదితో చదువు మానేసిన అమ్మాయి 19 ఏళ్లకు మళ్లీ మొదలుపెడుతుంది. సాధ్యమేనా?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: సాధ్యమే. ఎన్ఐఓఎస్ సార్వత్రిక విద్యలో పదికి కనీస వయసు 14, పై వయసుకు హద్దు లేదు. అయిదు సబ్జెక్టులు, పాసుకు 33 శాతం. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. తెలుగులోనూ ఒడియాలోనూ రాయొచ్చు. ఇంటి నుంచి రాసిచ్చే పనికి 20 శాతం మార్కులు, చాలామంది దాన్ని వదిలేసి నష్టపోతారు. అన్నీ ఒకేసారి పాస్ చేయించకండి. తొలి విడత రెండు గట్టెక్కిస్తే చాలు. మిగతా మూడింటికీ చంటిబిడ్డ, వరి నాట్లు, పరీక్ష కేంద్రం దూరం అడ్డొస్తాయి.